అందినది, ధన్యవాదాలు

తిరుపతిలో పొద్దు రెండుసార్లు పొడుస్తుంది. ఒకసారి రేణిగుంట వైపు, ఆకాశంలో. అంతకు గంట ముందు వకుళాదేవి ఫోనులో. మొదటిది వెలుతురు తెస్తుంది. రెండోది ముకుందం సారు పంపిన మెయిళ్లు తెస్తుంది. నిమ్మకాయను అడ్డంగా కోసి తింటే షుగరు జబ్బు పోతుందని ఒకటి. నిలువుగా కోస్తే గుండె జబ్బు పోతుందని ఒకటి. ఆ రెండూ నమ్మవద్దని హెచ్చరిస్తూ ఇంకొకటి. ఆ వెనకాల వానలో తడుస్తున్న ఏనుగు పిల్ల. నాలుగేళ్లుగా అది తడుస్తూనే ఉంది. దానిని ఎవరూ లోపలికి పిలవరు. ఒకరి ఇంటి ముందు నుంచి ఇంకొకరి ఇంటి ముందుకు తోలేస్తారు.

చేతులు మారి మారి వచ్చిన ఉత్తరాలవి. ప్రతి వాక్యం ముందూ బాణం గుర్తులు, కొంగల బారుల్లా. ఎక్కడ బయల్దేరాయో వాటికే జ్ఞాపకం లేదు. తలనీలాలిచ్చి కొండ దిగిన యాత్రికుల్లా అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది ఎవరిదో పోల్చుకోవడం కన్నతల్లికి కూడా కష్టం.

వకుళాదేవి మంచం మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కదానికీ జవాబు రాస్తుంది.

“అందినది. ధన్యవాదాలు.”

ఆమెకు నలభై తొమ్మిదేళ్లు. ఊళ్లో ఒక కాలేజీ ఆఫీసులో తపాలు సీటు. బయటి నుంచి వచ్చే ఏ కాగితమైనా మొదట ఆమె బల్ల మీద వాలాలి. ఆమె ముద్ర వేస్తుంది, నంబరు వేస్తుంది, రిజిస్టరులో ఎక్కిస్తుంది, పంపినవారికి అందిందని ఒక ముక్క రాస్తుంది. ఆ తర్వాతే ఆ కాగితానికి లోపలికి దారి. ఇరవై ఆరేళ్ల కిందట ఆమె కొత్తగా ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ముకుందం అక్కడ సూపరింటెండెంటు. మొదటి రోజు ఆయన రబ్బరు ముద్రను ఆమె చేతికిస్తూ, మంత్రోపదేశం చేసినట్టు చెప్పాడు.

“సూడమ్మా వకుళా, ముందు ముద్ర, తర్వాత చదువు. అందిందని రాయకపోతే ఆ కాగితం అనాథ. పంపినోడు పాపం వీధిలో నిలబడుకొని మన తలుపే సూస్తా ఉంటాడు.”

ఆ మాట ఆమెలో విత్తనంలా పడింది. అక్కడి నుంచి ఆమె చేతికి వచ్చిన ఏ కాగితమూ అనాథ కాలేదు. బట్టల అంగడివాళ్ల ఆడి మాసం తగ్గింపు కరపత్రానికి కూడా ఆమె ఒకసారి అందిందని రాసింది. అంగడివాళ్లు భయపడి మళ్లీ పంపలేదు.

ముకుందం సారు రిటైరై ఎనిమిదేళ్లయింది. ఆయనకు వాట్సాప్ గిట్టదు. అందులో విషయం అని రాసే గడి లేదు, నకలు ఎవరికో చెప్పే వరస లేదు, అది కాగితం కాదు గాలికబురు అంటాడు. మెయిలు మాత్రం ఆయన దృష్టిలో ఆఫీసు ఉత్తరమే. అందుకని తెలిసిన నూటపద్నాలుగు మంది చిరునామాలు కూర్చి, లోకంలో తిరిగే ప్రతి మంచిమాటనూ వాళ్లందరికీ పంపడం మొదలుపెట్టాడు. నూటపదమూడు మంది బావిలో రాయి పడ్డంత శబ్దం కూడా చేయలేదు. నూటపద్నాలుగో మనిషి వకుళాదేవి. అందినది, ధన్యవాదాలు.

ఎడారిలో నీటిచుక్క చూసినవాడు ఇంకెక్కడికి పోతాడు? మెయిళ్లు రోజుకు మూడు నుంచి ఏడుకు, ఏడు నుంచి ఇరవైకి, ఇరవై నుంచి నలభైకి పెరిగాయి. ఒకరోజు ఆయన “వకుళాదేవిని చూసి నేర్చుకోండి” అని విషయం రాసి, ఆమె జవాబును అందరికీ పంపాడు. నేర్చుకున్నవాడు ఒక్కడే. చిత్తూరులో ఉండే మునిప్రసాద్. ఒకప్పుడు అదే ఆఫీసులో అటెండరు, ఇప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. లోకంలో జవాబిచ్చే మనిషి ఒకరున్నారని తెలియగానే అతనూ తన వంతు మొదలుపెట్టాడు. అతనివన్నీ పాములు. ఏ పాము విషం ఎంత, ఏ పాము పగ ఎన్నేళ్లు.

ఇదంతా నవ్వుకుని వదిలేయవచ్చు. కానీ ఆ ఇన్‌బాక్సులోకే వకుళాదేవికి నిజంగా కావలసిన ఉత్తరం ఒకటి రావాలి.

ఆమె కొండ కింద పుట్టింది, కొండ కిందే చదివింది, కొండ కిందే పెళ్లాడింది. కొండ ఆమెకు గోడ మీది క్యాలెండరులాంటిది, రోజూ కనిపిస్తుంది, చేయి మాత్రం అందదు. ఆమె కోరిక ఒకటే. సుప్రభాత సేవకు ఒక్కసారి పోవాలి. లోకం ఇంకా కళ్లు తెరవని వేళ ఆ తలుపులు తెరుచుకుంటుంటే ఆ ఎదుట నిలబడాలి. తిరుపతిలో ప్రతి మనిషికీ సిఫార్సు లేఖ ఇప్పించే మనిషి ఒకడుంటాడు, ఆ మనిషికి ఇంకొకడుంటాడు. వకుళాదేవికి ఉత్తరాలు అందుకోవడం తెలుసు కానీ అడగడం తెలియదు. అందుకని నెలనెలా సేవ టికెట్లకు దేవస్థానం తీసే లక్కీడిప్‌లో పేరు రాసుకుంటుంది. మూడేళ్లుగా, ముప్ఫై నాలుగుసార్లు. పేరు తగిలితే మెయిలు వస్తుంది. రెండు రోజుల్లో ఖాయం చేసుకోవాలి, లేదంటే చేజారుతుంది. ఫోనుకు కూడా కబురు వస్తుంది కానీ ఆమె ఇచ్చిన నంబరు భర్త శేషసాయిది. ఆయన లెక్కల మాస్టారు. ఫోనుకు వచ్చే ప్రతి సందేశమూ బ్యాంకు మోసమేనని రుజువు చేసుకుని, పూర్తిగా చదవకుండానే చెరిపేస్తాడు. ఇంటి భద్రతకు అదొక కోటగోడ.

కూతురు హంసిని డిగ్రీ రెండో సంవత్సరం. అమ్మ పొద్దున్నే జవాబులు రాయడం చూసి ఒకరోజు ఫోను లాక్కోబోయింది.

“బ్లాక్ చేసేస్తా ఉండు. రెండు నొక్కులే.”

“ఎవర్ని? ముకుందం సార్నా? నోరు కడుక్కో.”

“పోనీ, ఆయన మెయిలు వస్తానే నేరుగా చెత్తబుట్టలో పడేమాదిరి పెడతా. ఆయనకు తెలీదు.”

“నాకు తెలుస్తాది కదే.”

“అమ్మా, ఆయన్ని అనడానికి నోరు రాదు, సేవ మెయిలు మిస్సయితే అప్పుడు నోరు తెరుస్తావా?”

ఆ మాట తగిలింది. వకుళాదేవి ఆ రోజు నుంచి మర్యాదగా వద్దనే దారులు వెతకసాగింది.

మొదట మౌనం. ఒకరోజంతా జవాబు రాయలేదు. వేళ్లు దురద పెట్టాయి. సాయంత్రం ఫోను మోగింది.

“వకుళా, ఒంట్లో బాగుండాదా?”

“బాగుండాను సార్.”

“మరి పొద్దున నుంచి నలభైరెండు కాగితాలు పంపినా, అందిందని లేదే? దారిలో యాడన్నా పోయినాయేమో. మళ్లా పంపుతా ఉండు.”

మళ్లీ పంపాడు. ఈసారి ప్రతి దాని నెత్తినా ‘రిమైండరు-1’ అని రాసి.

రెండోది సూచన. ఆమె ఒక ఆదివారమంతా కూర్చుని, మల్లెమాల కట్టినట్టు ఒక ఉత్తరం కట్టింది. “గౌరవనీయులైన సార్‌కు నమస్కారం. మీ కళ్లకు శ్రమ అవుతుందేమోనని దిగులుగా ఉన్నది. రోజుకు ఒకటి పంపినా చాలు, నిదానంగా చదువుకుంటాను.” ఇంతకన్నా మెత్తగా వద్దనడం తెలుగులో సాధ్యం కాదు. ఆ మెత్తదనమే కొంప ముంచింది. ముకుందం సారు కదిలిపోయాడు. మర్నాటి నుంచి ఆమె కోరినట్టే రోజుకు ఒకే ఒక్క మెయిలు పంపాడు. దాని కడుపులో నలభై ఉన్నాయి. నిదానంగా చదువుకుంటుందని ఒక్కొక్కదాని కింద ‘ఇది తప్పక చదవవలెను’ అని తన వ్యాఖ్యానం కూడా రాశాడు. ఆ ఒక్క మెయిలు తెరుచుకునేలోపు పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. ఆ కొత్త ఏర్పాటు వారంలోపే ఆయన కంప్యూటరుకే భారమై, మళ్లీ విడివిడిగా నలభై రాసాగాయి.

మూడోది అబద్ధం. జీవితంలో అబద్ధం ఆడని మనిషి ఆడే అబద్ధం చంటిపిల్ల కట్టిన చీరలా ఎక్కడా నిలవదు. “సార్, నా మెయిలు నిండిపోయింది. ఇక పట్టదు” అని రాసింది. ఆయన మునిప్రసాద్‌కు ఫోను చేసి, ఆమె పేరు మీద ఇంకొక మెయిలు తెరిపించాడు. దాని పాస్‌వర్డును నిండిపోయిన మెయిలుకే పంపాడు. ఎందుకైనా మంచిదని ఆనాటి నుంచి రెండింటికీ పంపసాగాడు.

ఇక మర్యాద అనే సంచిలో ఆమెకు ఏమీ మిగల్లేదు. పొద్దున్నే లేవడం, కళ్లు సగం మూసుకునే రెండు ఇన్‌బాక్సులకూ జవాబులు రాయడం. పేరు చూడదు, విషయం చూడదు. వేలు తనంతట తాను నడిచేది, గానుగెద్దులా.

ఆ నెల ముప్ఫై అయిదోసారి పేరు రాసుకుంది.

రెండు వారాలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున మెయిల్లో వింత ఒకటి కనిపించింది. ఆమె జవాబు ఒకటి తిరిగి వచ్చింది. “మూడు రోజులు ప్రయత్నించినా మీ జవాబును చేర్చలేకపోయాము. ఈ చిరునామా జవాబులు స్వీకరించదు.” ఇరవై ఆరేళ్లలో ఆమె అందిందన్న మాటను వద్దన్నవాళ్లు లేరు. రోషం వచ్చింది. ఎవరా ఇంత మర్యాద తెలియని మనుషులు అని కిందికి జరిపి చూసింది.

కొండ మీది నుంచి వచ్చిన మెయిలు అది. గురువారం పొద్దున వచ్చింది. ఆమె పేరు తగిలింది. సుప్రభాత సేవ. శనివారం మధ్యాహ్నం పన్నెండులోపు ఖాయం చేసుకోవాలి. పైన ఒక ఏనుగు పిల్ల, కింద ఒక కట్లపాము. వాటి నడుమ స్వామి పిలుపు. ఆ పిలుపు కింద గురువారమే ఆమె వేలు రాసిన జవాబు.

“అందినది. ధన్యవాదాలు.”

వంటింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది. నాలుగోదీ, అయిదోదీ కూసింది. హంసిని పరుగెత్తి వచ్చి చూసేసరికి అమ్మ ఫోనును ఒళ్లో పెట్టుకుని, పోయినవాళ్ల ముఖం చూస్తున్నట్టు చూస్తోంది.

“నాన్నా, నీకు గురువారం మెసేజు రాలేదా?” అని హంసిని అరిచింది.

“ఏదో ఖాయం చేసుకోమని వచ్చింది. నేనేమన్నా పిచ్చోడినా, చెరిపేసినా” అన్నాడు శేషసాయి గర్వంగా.

వకుళాదేవి చీర మార్చుకుని వీధిలోకి నడిచింది. ముకుందం సారు ఇల్లు గోవిందరాజస్వామి గుడి వెనక సందులో. బైరాగిపట్టెడలో తన ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఆమె నోట్లో మాటలు కొత్తగా సాన పట్టిన కత్తులు. “సార్, మీ వల్ల నా సేవ పోయింది. ఇంక ఒక్క మెయిలు కూడా పంపొద్దు.” రైల్వే గేటు దగ్గర గూడ్సుబండి పోయేదాకా ఆగాల్సి వచ్చింది. ఒక్కొక్క పెట్టే దాటుతుంటే ఒక్కొక్క కత్తీ మొద్దుబారింది. సందులోకి తిరిగేసరికి మిగిలింది “సార్, నమస్కారం” ఒక్కటే.

ముకుందం సారు వసారాలో నల్లద్దాలు పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ముక్కు తెరకు ఆనుతోంది.

“ఎవరూ, వకుళానా? రా తల్లీ. ఎండలో ఇంతదూరం ఎందుకమ్మా, మెయిలు పెట్టింటే సరిపోయేది కదా!”

“కళ్లకేమైంది సార్?”

జవాబు లోపలి నుంచి వచ్చింది, కాఫీ గ్లాసుతో సహా. ఆయన భార్య దేవకమ్మ.

“శుక్లాలు తీసి పదైదు దినాలైంది. నెల వరకు ఆ పెట్టె ముందర కూసోవద్దని డాక్టరు చెప్పినాడు. వింటేనా? తెల్లారకముందే లేస్తాడు. ఆ పిల్ల ఎదురుసూస్తా ఉంటాది అంటాడు.”

“ఏ పిల్లమ్మా?”

“ఇంకెవురు, నువ్వే!”

వకుళాదేవి కాఫీ గ్లాసు కింద పెట్టింది. ముకుందం సారు కాస్త సిగ్గుపడ్డాడు.

“అది కాదు వకుళా. నూటపద్నాలుగు మందికి పంపుతా ఉండా. ఒక్కరూ అందిందనలేదు. నువ్వు మాత్రం ప్రతి దానికీ రాస్తివి. పాపం, ఇంట్లో పలకరించేవాళ్లు లేరేమో, మనసులో ఏం కష్టముందో అనుకుంటి. నడుమన ఒకరోజు నీ జవాబు రాకపోతే నాకు అన్నం దిగలేదు. ఆపేస్తే ఏమైపోతావో అని, కళ్లు మంటలైనా పంపుతా ఉండా.”

“నాకోసమా సార్?”

“నీకోసం కాకుంటే? ఆ నిమ్మకాయ సంగతి సూస్తే నాకే వాంతికొస్తాది.”

ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి ఒకరి కోసం ఒకరు తలుపు పట్టుకుని నిలబడి, “ముందు మీరు, ముందు మీరు” అంటూ ఇద్దరూ గడప దాటలేదన్నమాట. వకుళాదేవికి అప్పుడు నోరు పెగిలింది.

“సార్, నేను వాటిల్లో ఒక్కటి కూడా చదవలేదు.”

ముకుందం సారు నల్లద్దాలు తీశాడు. ఎర్రబడ్డ కళ్లతో ఆమె వైపు తిరిగాడు.

“నేను కూడా చదవలేదమ్మా” అన్నాడు. “చదివి పంపల్లంటే దినానికి నలభై అయ్యే పనా?”

దేవకమ్మ తలుపుకు చేరగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

వకుళాదేవి అప్పుడు సేవ సంగతి చెప్పింది. గురువారం వచ్చిన మెయిలు, శనివారంతో తీరిన గడువు, నడుమ తన జవాబు. ఆయన వింటున్నంతసేపూ చేతిలో అద్దాలను తుడుస్తూనే ఉన్నాడు.

“స్వామికి అందిందని రాసినావా?”

“రాసినా సార్.”

“చదవకుండా?”

“ముందు ముద్ర, తర్వాత చదువు అని మీరే కదా సార్ నేర్పింది.”

“తర్వాతన్నా చదవమన్నాను కదా తల్లీ!” అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. మళ్లీ తనే అన్నాడు, “తప్పు నాది. గడ్డివాము నేను వేస్తిని, సూదిని నువ్వు పోగొట్టుకుంటివి. ఇంక పంపను. సరేనా? మనసు నొచ్చుకోవు కదా?”

“నొచ్చుకోను సార్. మీరు?”

“నాకా? అబ్బా, రేపు ఏడు గంటల వరకు పడుకుంటా!”

అంత సంతోషం ఆయన ముఖంలో ఆమె రిటైర్‌మెంటు సభలో కూడా చూడలేదు.

మర్నాడు నూటపద్నాలుగు మందికీ చివరి మెయిలు వచ్చింది. విషయం: ఇకపై పంపబడవు. ఎనిమిదేళ్లుగా ఉలకని పలకని మహానుభావులు మేలుకున్నారు. సాయంత్రంలోపు తొంభై ఒక్క మంది జవాబు రాశారు. “చాలా సంతోషం సార్.” “మంచి నిర్ణయం.” “ఆరోగ్యం జాగ్రత్త.” అందరూ అందరికీ రాశారు కనుక అన్నీ వకుళాదేవికీ వచ్చాయి. ఆమె ఒక్కొక్కటీ చదివి, దేనికీ జవాబు రాయకుండా, వేలిని చీర చెంగులో చుట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఆమె ఇన్‌బాక్సు వాన వెలిసిన మైదానమైంది. మునిప్రసాద్ పాము ఒకటి అప్పుడప్పుడూ అడ్డంగా పాకిపోవడం తప్ప అలికిడి లేదు. ముప్ఫై ఆరోసారి పేరు రాసుకుంది. ఫలితం వచ్చే రోజు సెలవు పెట్టి, స్నానం చేసి, ఫోనును దేవుడి పటం కింద పెట్టి కూర్చుంది. పది గంటల ఏడు నిమిషాలకు మెయిలు వచ్చింది. వచ్చిన నిమిషంలోనే చదివింది. పేరు, విషయం, ప్రతి అక్షరం.

“ఏమంట?” అన్నాడు శేషసాయి.

“ఈసారి లేదంట.”

“అంతేనా?”

“అంతే. రెండే రెండు మాటలు. ‘మీ నమోదు ఈసారి ఎంపిక కాలేదు. మీ ఆసక్తికి కృతజ్ఞతలు.’” ఆమె ఇంకోసారి చదువుకుంది. ఏడుపు రావాల్సిన చోట ఆమెకు ఆశ్చర్యం వచ్చింది. “సూడండి, వద్దని ఎంత చక్కగా చెప్పినారో. మనసుకు గీత కూడా పడలేదు. నాకు ఇన్నేళ్లు ఈ రెండు మాటలు దొరకలేదు సూడండి.”

అప్పుడే ఇంకొక మెయిలు వచ్చింది. మునిప్రసాద్. రెండు తలల పాము, ఫోటోతో సహా. వకుళాదేవి కళ్లజోడు సర్దుకుని, తాపీగా, ఒక్కొక్క అక్షరమూ చూసుకుంటూ రాసింది. “మీ మెయిలు ఈసారి ఎంపిక కాలేదు. మీ ఆసక్తికి కృతజ్ఞతలు.”

అయిదు నిమిషాలకు చిత్తూరు నుంచి ఫోను.

“అక్కా, ఎంపికలు కూడా పెట్టినారా? నాకు తెలీకపాయె. బాగుండాది పద్ధతి! అయితే మళ్లా ఎప్పుడు పంపల్ల?”

వకుళాదేవి కిటికీలోంచి కొండ వైపు చూసింది. ఎండలో అది నీలంగా, తొందరేమీ లేనట్టుగా ఉంది.

“వచ్చే నెల పంపు మునిప్రసాదూ” అంది. “నెలకు ఒకటే. తగిలితే మేమే చెప్తాం.”